చదువుకోవడానికి వెళ్లి పార్కులో తోటపని చేయొచ్చా?

యూకేలో ఎంఎస్సీకి వెళ్తున్న మీ తమ్ముడు పార్కులో వలంటీర్‌గా తోటపని చేస్తానంటున్నాడు, వీసాకి ఇబ్బందా, అసలు ఉపయోగం ఏమైనా ఉందా అని అడిగారు. చేయనివ్వండి. మాది కడియపులంక, షెఫీల్డ్‌లో చదివేటప్పుడు నేను అక్కడి బొటానికల్ గార్డెన్స్‌లో చేశాను.

ముందు వీసా సంగతి. డిగ్రీ, పీజీ చదివేవాళ్లు కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. జీతం లేదు కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఫలానా గంటలు కచ్చితంగా రావాలి, ఫలానా పని చేయాలి అని ఒప్పందం ఉంటే, పైసా ఇవ్వకపోయినా అది ఆ 20 గంటల్లోకే వస్తుంది. వీలున్నప్పుడు మన ఇష్టం కొద్దీ వెళ్లి చేసేదైతే రాదు. బస్సు చార్జీల్లాంటివి ఇస్తే తీసుకోవచ్చు. చేరేముందు యూనివర్సిటీలో వీసా విషయాలు చూసేవాళ్లని ఒక్కమాట అడిగితే టెన్షన్ ఉండదు.

ఇక పని. నర్సరీల మధ్య పెరిగినవాళ్లకి మొక్కలు కొత్త కావు గానీ అక్కడి నెలలు కొత్త. మన ఒండ్రు మట్టిలో కొమ్మ గుచ్చితే ఇంచుమించు ఏడాదంతా చిగురేస్తుంది, అక్కడ చలికాలం వస్తే సగం తోట మోడే. గులాబీలు కత్తిరించేది ఆ చలి చివర్లో, ఫిబ్రవరి, మార్చిలో, బయటివైపు తిరిగిన కన్ను, అంటే చిగురొచ్చే చోటు, చూసుకుని దానికి కాస్త పైన, వాన నీళ్లు కన్ను మీదకి జారకుండా ఏటవాలుగా. డాఫొడిల్ పూల దుంపలైతే సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పాతేస్తారు, దుంప ఎత్తుకి మూడింతల లోతున, మొన పైకి పెట్టి. నాకు నవ్వొచ్చేది ఇంకోటుంది, మన దగ్గర కంచెకి వేసే క్రోటన్లు, మందారాలు అక్కడ అద్దాల ఇంట్లో వెచ్చగా పెడితేగాని బతకవు.

నాతో చేసినవాళ్లంతా దాదాపు రిటైరైన పెద్దలే. టీ తాగే ఆ కాసేపట్లో విన్న యార్క్‌షైర్ యాస ఏ క్లాసులోనూ వినలేదు. తర్వాత పార్ట్‌టైమ్ ఉద్యోగానికి రిఫరెన్స్ అడిగితే వాళ్లలో ఒకాయనే రాసిచ్చారు, కొత్తగా వెళ్లినవాడికి అది చిన్న సాయమేం కాదు.

అయితే ఫీజుకీ అద్దెకీ తడుముకోవాల్సిన పరిస్థితే ఉంటే మాత్రం ముందు జీతమొచ్చే పని చూసుకోమనండి, పార్కు ఎక్కడికీ పోదు. వెళ్లినప్పుడు నీళ్లు దిగని బూట్లు తప్పనిసరి.