షాపులో కొన్న స్మాకింగ్ గౌను నాలుగు ఉతుకులకే వదులైపోతోంది. పాతకాలపువి ఎలా నిలిచేవి?

మీ గౌన్లో వదులైంది స్మాకింగ్ కాదండీ, ఎలాస్టిక్ దారం. బాబిన్‌లో ఎలాస్టిక్ చుట్టి మిషన్ మీద పది వరసలు లాగించి, దాన్నే స్మాకింగ్ అని అంటగడుతున్నారు. వేడినీళ్లు, ఎండ, ఇస్త్రీ పెట్టె తగిలితే రబ్బరు పని అయిపోయినట్టే. గౌను తిరగేస్తే తెలిసిపోతుంది.

అసలు స్మాకింగ్ అంటే బట్టను సన్నటి మడతలుగా కూడదీసి, ఆ మడతల మీద వేసే చేతికుట్టు. రబ్బరు ఉండదు, సాగుడంతా మడతల్లోనే. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండ్ పల్లెల్లో గొర్రెల కాపర్లు, బండివాళ్లు, పొలం కూలీలు తొడిగిన స్మాక్ అనే వదులు పైచొక్కాలోది ఇది. మందపాటి నార బట్టను నలుపలక ముక్కలుగానే కత్తిరిస్తారు కాబట్టి పీలిక వృథా కాదు. చంక కింద చదరపు ముక్క వేస్తే చెయ్యెత్తినా చిరగదు. కొన్నిచోట్ల ముందూ వెనకా ఒకేలా కుట్టేవారు, ఒకవైపు మాస్తే తిప్పి తొడుక్కోవచ్చు. పొలాల్లోకి యంత్రాలొచ్చాక ఆ వదులే ప్రమాదమైంది, రెడీమేడ్ బట్టలూ వచ్చాయి, కూలీలు వదిలేశారు. సరిగ్గా అప్పుడే పట్నం వాళ్లకు దానిమీద మోజు పుట్టింది! 1884లో దుస్తుల విభాగం తెరిచిన లండన్ లిబర్టీ దుకాణం లాంటివి ఈ కుట్టును పిల్లల గౌన్ల మీదికి తెచ్చాయి.

మీరే కుట్టుకోవాలంటే, రెండేళ్ల పాపకు ముందుభాగం 10 అంగుళాలు రావడానికి 30 అంగుళాల బట్ట కావాలి. పాప్లిన్ మంచిది, ముందే తడిపి ఆరేయండి. లేదంటే కుట్టాక కుంచించుకుపోయి మడతలు వంకర్లు పోతాయి. తిరగవైపు పావు అంగుళానికో చుక్క, వరసకూ వరసకూ మధ్య 3/8 అంగుళం. చుక్కలు నిలువుగా ఒకదాని కింద ఒకటి పడాలి, ఇక్కడ తప్పితే తర్వాత ఏ కుట్టూ కాపాడదు. ప్రతి వరసకూ విడిగా గట్టి దారంతో, చుక్క దగ్గర రెండుమూడు పోగులే ఎత్తుతూ కచ్చా కుట్టు వేయండి. అన్నీ కలిపి లాగి 9 అంగుళాలకు తెచ్చి, రెండేసి దారాలు ముడేయండి. దారాలు తీశాక ఆ అంగుళం దానంతటదే వదులుతుంది.

మంచివైపు మూడు పోగుల ఎంబ్రాయిడరీ దారం వాడండి. మడత అంచులో మూడోవంతే సూదికి అందాలి. లోతుగా గుచ్చితే కచ్చా దారం చిక్కుకుని ఆఖర్న బయటికి రాదు. పై వరస కాడకుట్టు (స్టెమ్ స్టిచ్), బిగువుగా. కింది వరసలు తేనెపట్టు కుట్టు (హనీకోంబ్), ఎక్కువ సాగేది అదే. చాలామంది అందం కోసం కిందా కాడకుట్టే వేసేసి, పాపకు ఛాతీ పట్టేస్తోందని మళ్లీ విప్పుతారు.

పై కచ్చా దారం ఒక్కటి యోక్ (గౌనుకు భుజాల దగ్గర వచ్చే పై ముక్క) అతికేదాకా ఉంచి, మిగతావి లాగేయండి. స్మాకింగ్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించొద్దు, పైనుంచి ఆవిరి పడితే చాలు. కింది అంచులో 3 అంగుళాలు లోపలికి మడిచి ఉంచితే పాప పొడుగైనప్పుడు విప్పుకోవచ్చు.