పెరట్లో కట్టెల బాయిలర్‌కి అత్యవసర నిధి తీయవచ్చా?

ప్రశ్న: అప్‌స్టేట్ న్యూయార్క్‌లో అయిదెకరాల స్థలంలో ఇల్లు కొన్నాం. స్థలంలో చాలావరకు చెట్లే. పోయిన చలికాలం ఇల్లు వేడిగా ఉంచడానికి 1,000 గ్యాలన్ల ప్రొపేన్ గ్యాస్‌కి 2,800 డాలర్లు అయింది. వెల్డింగ్ వచ్చిన స్నేహితుడితో కలిసి ఇంటి బయట కట్టెల బాయిలర్ సొంతంగా కట్టుకోవాలని ఉంది. అందులో కాగిన నీళ్లు భూమిలోని పైపుల ద్వారా వచ్చి ఇంటిని వేడి చేస్తాయి. 9,000 డాలర్లు అవుతుంది. అత్యవసర నిధిలో 15,000 ఉన్నాయి. తీయవచ్చా? నేను హెచ్1బీ మీద ఉన్నాను, ఇంట్లో ఒక్క జీతమే.

జవాబు: తీయకండి. హెచ్1బీ వీసా మీద ఉద్యోగం పోతే, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికో దేశం వదలడానికో మీ చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ రెండు నెలలూ ఇంటి కిస్తీ కట్టేది ఈ డబ్బే. ప్రొపేన్ బిల్లు ఎంత బాధ పెట్టినా దీని జోలికి వెళ్లొద్దు.

ఇక బాయిలర్ లెక్క చూద్దాం. వెయ్యి గ్యాలన్ల ప్రొపేన్‌లో సుమారు 9.15 కోట్ల బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి ఉంటుంది. ఇప్పుడున్న ప్రొపేన్ ఫర్నేస్ అందులో 90 శాతం వేడిని ఇంట్లోకి ఇస్తుందనుకుంటే ఇంటికి అందేది 8.2 కోట్లు. బాగా ఎండిన గట్టి కలప ఒక కార్డు, అంటే 128 ఘనపుటడుగుల పేర్పు, దాదాపు 2 కోట్ల బీటీయూలు ఇస్తుంది. సొంతంగా చేసిన బాయిలర్‌లో, భూమిలోని పైపుల్లో పోయేది పోగా అందులో సగం ఇంట్లోకి వస్తే గొప్పే. అంటే ఏటా 8 కార్డులు కావాలి. కార్డు 300 డాలర్లకు కొన్నా 2,400. మిగిలేది 400. పెట్టుబడి తిరిగి రావడానికి 22 ఏళ్లు దాటుతుంది, అదీ పంపు కరెంటు లెక్క వేయకుండా.

మా చెట్లున్నాయిగా అంటారేమో. అడవిని చెడగొట్టకుండా ఎకరానికి ఏటా అర కార్డు, బాగా పెరిగే చోట ఒక కార్డు తీయవచ్చు. మీకు అయిదుకి మించదు. నరికి, చీల్చి, కనీసం ఏడాది ఎండబెట్టాలి. పచ్చి కట్టె పొయ్యిలో వేస్తే చివర్ల నుంచి నురగ కారుతుంది చూడండి, మీ వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మిగిలేది పొగ, అది పక్కింటి పిల్లల గదిలోకి వెళ్తుంది.

అసలు మీ రాష్ట్రంలో కొత్తగా పెట్టే బాయిలర్‌కి సర్టిఫికేషన్ ఉండాలి, స్థలం సరిహద్దుకు 100 అడుగుల దూరంలో ఉండాలి, పొగ గొట్టం 18 అడుగుల ఎత్తుండాలి. ఇంట్లో వెల్డింగ్ చేసినదానికి ఆ సర్టిఫికెట్ రాదు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా పెడితే, ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి: ఆవిరి పోయే దారి మూసుకుపోతే ట్యాంకు పేలుతుంది. దయచేసి ఆ ప్రయోగం చేయకండి.

సర్టిఫైడ్ బాయిలర్ కొందామన్నా, 2,000 డాలర్ల వరకు వచ్చే ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో ముగిసింది.

ముందు నైసెర్డా (న్యూయార్క్ రాష్ట్ర ఇంధన సంస్థ) ద్వారా ఉచితంగా చేసే ఇంటి ఎనర్జీ పరీక్షకు అప్లై చేయండి. అటక ఇన్సులేషన్, తలుపుల సందులు సరిచేయించండి. ఆ ఖర్చు జీతంలోంచి నెలకు 200 చొప్పున వేరే ఖాతాలో వేసుకుని పెట్టండి. వేసవిలోనే ప్రొపేన్ ధర మాట్లాడుకుని, ముందే డబ్బు కట్టి ప్రీ-బై చేసుకోండి.