సమాధానం: 140 గిగాహెర్ట్జ్ కన్నా ముందు 7–24 చూడండి

మీ ల్యాబ్‌లో నెట్‌వర్క్ అనలైజర్ (రేడియో సర్క్యూట్లని, యాంటెన్నాలని కొలిచే పరికరం) 40 గిగాహెర్ట్జ్ దాకే కొలుస్తుందన్నారు, 6జీ రేడియో హార్డ్‌వేర్ మీద పీహెచ్‌డీకి 140 గిగాహెర్ట్జ్ బ్యాండ్ తీసుకోవాలా అని టెన్షన్ పడుతున్నారు. నా మాట వినండి, వద్దు. కొలవలేని పని చేస్తే చివరికి సిమ్యులేషన్ గ్రాఫులే మిగులుతాయి.

దాని బదులు 7 నుంచి 24 గిగాహెర్ట్జ్ మధ్య చూడండి. 6జీ కోసం చాలామంది ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నారు, ఏ ఫ్రీక్వెన్సీ దేనికో దేశాలు తేల్చుకునే 2027 ప్రపంచ రేడియో సదస్సు ఎజెండాలో 7.125–8.4, 14.8–15.35 గిగాహెర్ట్జ్ ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఇప్పటికే ఉపగ్రహాలు, రాడార్లు నడుస్తున్నాయి, అందుకే వాటి దిశలో రేడియేషన్‌ను అణిచే యాంటెన్నా అర్రేలు (కలిసి పనిచేసే యాంటెన్నాల గుంపులు) కావాలి.

నాకైతే అసలైన థీసిస్ పవర్ యాంప్లిఫయర్‌లో (యాంటెన్నాకి పంపేముందు సిగ్నల్‌ని బలపరిచే భాగంలో) కనిపిస్తోంది. గాలియం నైట్రైడ్ అనే సెమీకండక్టర్‌తో పవర్ బాగానే వస్తుంది, కానీ ఓఎఫ్‌డీఎం (డేటాని చాలా ఫ్రీక్వెన్సీల మీద ఒకేసారి పంపే పద్ధతి) సిగ్నల్‌లో పీక్‌లు సగటు కన్నా చాలా ఎత్తున ఉంటాయి కాబట్టి యాంప్లిఫయర్‌ని ఎక్కువసేపు గరిష్ఠ పవర్‌కి బాగా కిందే నడపాలి, అక్కడ ఎఫిషియెన్సీ పడిపోతుంది, వేడి పెరుగుతుంది. డోహెర్టీ డిజైన్ (రెండు యాంప్లిఫయర్లు కలిపి, రెండోదాన్ని పీక్‌లప్పుడే వాడేది) ఉన్నది దీనికే, అయితే దాన్ని వెడల్పాటి బ్యాండ్‌లో పనిచేయించడం ఇప్పటికీ కష్టమే. పైగా ట్రాన్సిస్టర్ లోపల ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయి వచ్చే మెమరీ ఎఫెక్ట్ (ముందటి సిగ్నల్ ప్రభావం ఇప్పటి ఔట్‌పుట్‌లో మిగిలిపోవడం) ప్రీడిస్టార్షన్‌ని, అంటే యాంప్లిఫయర్ చేసే వక్రీకరణ రద్దయ్యేలా సిగ్నల్‌ని ముందే మార్చడాన్ని కూడా ఇబ్బంది పెడుతుంది.

మీ దగ్గర లోడ్‌పుల్ సెటప్ (ట్రాన్సిస్టర్‌కి రకరకాల లోడ్‌లు పెట్టి పవర్, ఎఫిషియెన్సీ కొలిచే ఏర్పాటు) ఉందా? ఉంటే ఇంక ఆలోచించకండి, యాంప్లిఫయరే తీసుకోండి.