ముందు తిరిగొచ్చే డబ్బు, ఆ తర్వాతే వ్యాన్

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 32, మా ఆయనకు 34 ఏళ్లు. ఇద్దరం భువనగిరి గుట్ట మీద క్లైంబింగ్ నేర్చుకున్నాం. అక్టోబరులో ఉద్యోగాలు మానేసి 10 నెలలు వ్యాన్‌లోనే ఉంటూ బాదామి, హంపి, ఎండాకాలానికి హిమాచల్ తిరగాలని ఉంది. ఎఫ్‌డీలు 7 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 4.5 లక్షలు ఉన్నాయి. 5 లక్షల చిట్టీ నెలకు 20,000 చొప్పున 25 నెలలది, ఇంకా పాడలేదు. అక్టోబరుకు 14 వాయిదాలు పూర్తవుతాయి. సెకండ్‌హ్యాండ్ వ్యాన్ 4.5 లక్షలు, లోపలి పని 3 లక్షలు అంటున్నారు. ములుగు రోడ్డు ప్లాటు అమ్మేయమంటారా? అద్దె ఇల్లు ఖాళీ చేస్తే సామాన్లు ఏం చేయాలి? హంపిలో వారాంతాల్లో కొత్తవాళ్లకు నేర్పిస్తే కొంత డబ్బు వస్తుందనుకుంటున్నాం.

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషమేసింది. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అంటుంటే ఒక్క మాట చెప్పండి. మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి కూడా మీరు ఎక్కిన భువనగిరి రాతి మీదే శిక్షణ పొందింది.

ప్లాటు అమ్మకండి. దాని అవసరం రాదు. లెక్క మాత్రం వ్యాన్ దగ్గర కాదు, తిరిగొచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టండి. వచ్చే ఏడాది ఆగస్టులో మీరు హనుమకొండలో దిగుతారు. చేతిలో ఉద్యోగం ఉండదు, ఇల్లుండదు. ఇంటి అడ్వాన్సు, ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలల ఖర్చు, అనుకోని ఆస్పత్రి ఖర్చు కలిపి 3.5 లక్షలు ఇప్పుడే వేరే ఎఫ్‌డీలో పెట్టి, దాన్ని మర్చిపోండి. ప్రయాణానికి నెలకు 32,000 వేసుకుంటే 3.2 లక్షలు. ఈ రెండింటితో ఎఫ్‌డీలు దాదాపు అయిపోయినట్టే. మిగిలిన 30 వేలు, ఫండ్లు కలిపితే వ్యాన్‌కు 4.8 లక్షలు.

ఇక చిట్టీ. దీన్ని ఉద్యోగంలో ఉండగానే పాడండి. చిట్టీ ఎత్తాలంటే ష్యూరిటీలు అడుగుతారు. జీతం స్లిప్పు ఉన్నప్పుడు జరిగే పని, రాజీనామా చేశాక ఎంత తిరిగినా జరగదు. పాటలో 60 వేలు పోయి 4.4 లక్షలు చేతికొచ్చాయనుకుందాం. అక్టోబరు తర్వాత కట్టాల్సిన 11 వాయిదాలకు 2.2 లక్షలు పక్కన పెట్టేయండి. పాటలో తగ్గిన మొత్తంలోంచి సభ్యులందరికీ పంచే డివిడెండ్ పోను అంతకన్నా తక్కువే పడుతుంది. మిగిలిన 2.2 లక్షలు కలిపితే వ్యాన్ డబ్బు 7 లక్షలవుతుంది. మీకు చెప్పిన ధర 7.5 లక్షలు. అందుకే లోపలి పనిని 1.5 లక్షలకు దించండి. మిగిలిన లక్ష టైర్లకు, ఇన్సూరెన్సుకు, దారిలో రిపేర్లకు కావాలి. కోత పెట్టాలంటే చెక్కపనిలో పెట్టండి, తాళ్లు, ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే హార్నెస్‌ల జోలికి పోవద్దు.

తక్కువ పని చేయించమనడానికి డబ్బొక్కటే కారణం కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అలా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. 'ఎవరూ అడగరు మేడమ్' అని మెకానిక్ అంటాడు. చెక్‌పోస్టులో అడగకపోవచ్చు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ తప్పకుండా అడుగుతాడు. సీట్లు పీకించే ముందు ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకీ మెయిల్ పెట్టండి. సీట్లు మడిచి పైన పరిచే ప్లైవుడ్ మంచం, తీసి పెట్టుకునే పెట్టెలతో బాదామిలో చలికాలం హాయిగా గడిచిపోతుంది. పసుపు నంబర్ ప్లేటు బండి చవకగా వచ్చినా వద్దు, పర్మిట్, ఫిట్‌నెస్ తలనొప్పులు మీ వెంటే వస్తాయి. బండి మీ పేరు మీదికి మారాకే లోపలి పని మొదలుపెట్టండి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది హంపిలో డబ్బుకు నేర్పిస్తామన్న మీ చివరి వాక్యం. దానికీ ఇన్సూరెన్స్‌కూ ముడి ఉంది. ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు వర్తించదు. ఆ గడువు ఇంట్లో ఉండగానే గడిచిపోవాలి. పాలసీ కాగితాల్లో సాహస క్రీడల మినహాయింపు దగ్గర ఒక్క మాట వెతకండి: 'ప్రొఫెషనల్‌గా'. రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ ప్రొఫెషనల్‌గా చేస్తూ గాయపడితే చికిత్స ఖర్చు రాదని అక్కడ ఉంటుంది. సరదాకు ఎక్కేవాళ్లకు ఈ మాటే రక్ష. హంపిలో డబ్బు తీసుకుని నేర్పించడం మొదలుపెడితే ఆ రక్షను మీ చేతులారా వదులుకున్నట్టే. నాలుగు వారాంతాల ఫీజు కోసం ఒక కాలి సర్జరీ ఖర్చు నెత్తిన వేసుకోకండి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు కొన్ని సరదా క్లైంబింగ్‌నూ ఒప్పుకోవు. అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

సామాన్ల సంగతి నాకు అనుభవమే. మా తమ్ముడు పుణె వెళ్తూ నెలకు 2,500కు కాజీపేటలో ఒక గది తీసుకుని అన్నీ అందులో పెట్టాడు. 14 నెలల తర్వాత నేనే తాళం తీశాను. మంచం కోడు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది, చెదలు. ఫ్రిజ్ తలుపు రబ్బరు చిట్లింది. కట్టిన అద్దె 35,000, లోపల మిగిలిన సామాను 20,000 కూడా చేయదు. మంచం, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఇప్పుడే అమ్మేయండి. వచ్చాక సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కోవచ్చు. సర్టిఫికెట్లు, ప్లాటు దస్తావేజులు, బంగారం లాకర్‌లో పెట్టండి. పెళ్లికి పెట్టిన ఇత్తడి బిందెలు మాత్రం అమ్మకండి, అవి అమ్మ దగ్గర ఒక మూలన ఉంటాయి.

వచ్చే నెల చిట్టీ పాట తేదీ కనుక్కుని, ష్యూరిటీ ఇచ్చేవాళ్లతో ఈ ఆదివారమే మాట్లాడండి.