తెలుగులోనే పాడితే పైకి రానా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, తీర్థాలకీ పెళ్లిళ్లకీ వెళ్లే ఆర్కెస్ట్రాలో పాడుతున్నాను. హిందీ, ఇంగ్లీషు పాటలు రాకపోతే, స్టేజీ మీద డాన్సు చేయకపోతే పైకి రావని మా మాస్టారు అంటున్నారు. సెర్బియా గాయని మరియా షెరిఫోవిచ్ ఒక్క రాత్రిలో యూరప్ అంతా తెలిసిపోయిందని అన్నయ్య వీడియో చూపించాడు. అది అదృష్టమేనాండీ?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మాయీ, ముందు ఆ ‘ఒక్క రాత్రి’ మాట పక్కన పెట్టు. మరియా 1984లో క్రాగుయెవాత్స్ అనే ఊళ్లో పుట్టింది, వాళ్లమ్మ వెరిత్సా కూడా గాయనే, అంటే పాట ఇంట్లోనే ఉంది. తొలి ఆల్బమ్ 2003లో వచ్చింది. మీ అన్నయ్య చూపించిన ‘మొలిత్వా’ని ఆమె 2007 మే 12న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో, యూరప్ దేశాలు ఏటా తలపడే పాటల పోటీ యూరోవిజన్ ఫైనల్లో పాడింది. మధ్యలో నాలుగేళ్లు!

మొలిత్వా అంటే ప్రార్థన. పాటంతా సెర్బియన్‌లోనే. నచ్చిన భాషలో పాడుకోవచ్చని 1999లో ఆ పోటీవాళ్లు రూలు మార్చాక చాలా దేశాలు ఇంగ్లీషు పట్టుకున్నాయి, అప్పట్నుంచీ గెలిచిన పాటలన్నిటిలో పూర్తిగానో కొంతో ఇంగ్లీషు ఉంది, ఆ వరసని తెంచింది ఈ పాటే. అదీ అంతవరకూ కలిసున్న పొరుగు దేశం మాంటెనెగ్రో విడిపోయాక సెర్బియా తన పేరుతో ఆ పోటీకి వెళ్లిన మొదటిసారే. దానికి ఇంగ్లీషు మాటలతో ఇంకో రూపం ఉన్నా ఆమె స్టేజీ మీద తన భాషే పాడింది.

వీడియో మళ్లీ ఒకసారి చూడు. నల్ల సూటు, తెల్ల చొక్కా, కళ్లజోడు, వెనక గొంతు కలిపే ఐదుగురు ఆడవాళ్లు, అంతే. మొదట్లో దాదాపు మాట్లాడుతున్నట్టే నెమ్మదిగా ఎత్తుకుంటుంది, పోనుపోనూ గొంతు విప్పుతుంది, చివరికొచ్చేసరికి మాట అర్థం కానివాడికి కూడా గుండె బరువెక్కుతుంది. ఆ రోజు ఆమెకి 268 పాయింట్లు. వెండి రంగు బట్టలూ తల మీద నక్షత్రంతో హుషారుగా గంతులేసిన ఉక్రెయిన్‌కి 235, రెండో స్థానం. కాబట్టి డాన్సు దండగని నేననను, నీకు రాని పని నెత్తిన వేసుకోవద్దంటున్నాను.

ఆ గెలుపుతో మరుసటి ఏడాది పోటీ సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కి వచ్చింది. మరియా ఆ తర్వాతా పాడుతూనే ఉంది, అక్కడి టీవీ పాటల పోటీలో జడ్జిగా కూడా కూర్చుంది.

మీ మాస్టారి మాటా తీసిపారేయకు, పెళ్లి పందిట్లో హిందీ పాట అడిగేవాళ్లుంటారు, నేర్చుకో, నాలుగు డబ్బులొస్తాయి. కానీ వచ్చే తీర్థంలో ఒక్క తెలుగు పాట నీకు వదిలిపెట్టమని ఆయన్ని అడుగు. కీబోర్డు, తబలా చాలు. తీర్థంలో మైకుల హోరుకి మెల్లగా ఎత్తుకున్న పల్లవి వినపడకుండా పోతుంది, అందుకని జనం భోజనాలకి లేచే వేళ కాకుండా, కార్యక్రమం మొదట్లోనే పాడతానని చెప్పు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, కదలకుండా నిలబడి పాడు. ఏ పాట పాడావో మాకు రాయి.