నల్లజీడి సారం రొమ్ము క్యాన్సర్ కణాలను చంపిందట, అత్తయ్యకు ఇవ్వొచ్చా?

నల్లజీడి సారం రొమ్ము క్యాన్సర్ కణాలను చంపిందని పేపర్లో చదివానని, మీ అత్తయ్యకు లేహ్యంలా ఇవ్వొచ్చా అని అడిగారు. వద్దండి. నేను పుట్టి పెరిగింది ఒడిశాలోని గుణుపూర్‌లో. పీజీ ప్రాజెక్టుకు నేను తీసుకున్నది సరిగ్గా ఆ గింజనే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా వైపు సంతల్లో నల్లజీడి కోసం వెతుక్కోనక్కర్లేదు. కొండల మీంచి దిగే సవర ఆడవాళ్లు కుప్పలు పోసి అమ్ముతారు. దిష్టికి గుమ్మానికి కట్టేది అదే, పూర్వం రజకులు బట్టలకు గుర్తు పెట్టిందీ దాని రసంతోనే. పెంకు పగిలితే నల్లటి జిడ్డు నూనె వస్తుంది. అది ఒంటికి తగిలితే బొబ్బలే. మా ల్యాబ్‌లో గింజలు దంచిపెట్టిన బాబాయ్ గ్లవ్స్ వేసుకున్నా, మణికట్టు దగ్గర ఒక్క చుక్క పడింది. మర్నాటికి అక్కడ పొంగి, నీరు కారి, చాలా రోజులు బాధపెట్టింది.

ఆ నూనెనే మిథనాల్ అనే ద్రావకంలో దింపి, ఆరబెట్టి, ఎంసీఎఫ్-7 కణాల మీద వేశాం. రొమ్ము క్యాన్సర్ పరీక్ష అని ఎక్కడ చదివినా ఎక్కువగా ఈ కణాలే ఉంటాయి. 1970లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక క్రైస్తవ సన్యాసిని ఛాతీలో చేరిన నీటి నుంచి తీసినవి. ఆ తల్లి పోయింది కానీ ఆ కణాలు ఇన్నేళ్లుగా ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి.

పరీక్ష 96 గుంటల ప్లేటులో జరుగుతుంది. చివర్లో ఎంటీటీ అనే పసుపు రంగు మందు వేస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఆ రోజు ప్లేటు బయటికి తీస్తే ఎడమ పక్క గుంటలన్నీ చిక్కటి ఊదా, మోతాదు పెరిగే కొద్దీ రంగు పలచబడి, కుడి చివర ఒట్టి పసుపు. ల్యాబంతా ఒకటే సంబరం. పేపర్ ఏ జర్నల్‌కు పంపాలా అని సీనియర్లు అప్పుడే మాట్లాడేసుకుంటున్నారు. మా మేడమ్ మాత్రం ప్లేటు వెలుతురుకేసి పెట్టి చూసి, "మామూలు కణాల ప్లేటేదమ్మా?" అన్నారు.

మా దగ్గర వీరో కణాలుండేవి, కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి, క్యాన్సర్ లేనివి. అదే సారం, అవే మోతాదులు వాటి మీదా వేశాం. ఊదా నుంచి పసుపుకు దాదాపు అదే చోట మారింది. అంటే మా సారం క్యాన్సర్‌ను గుర్తుపట్టలేదు, తగిలిన కణాన్నల్లా చంపేసింది. "బాబాయ్ చేతికి చేసిందే ఇక్కడా చేసింది" అన్నారు మేడమ్.

నా బాధంతా ఆ రెండో ప్లేటు గురించే. చాలా కాలేజీల్లో అసలది పెట్టరు. ఖర్చు ఎక్కువ, టైమ్ లేదు, గైడ్ అడగరు. కణాలే లేని గుంటల్లో సారం ఒక్కటే వేసి చూడాలన్న ఓపికా ఉండదు. ఉసిరి లాంటి యాంటీ ఆక్సిడెంట్లున్న సారాలు కణాల సాయం లేకుండా వాటంతటవే ఎంటీటీని ఊదాగా మార్చగలవు, అది చూడకపోతే లెక్కంతా తప్పే. ఇవేవీ లేకుండా థీసిస్ అయిపోతుంది, ఎవరో దాన్ని "క్యాన్సర్‌కు మన కొండ మందు" అని వార్త చేస్తారు, అది తిరిగి తిరిగి మీ ఇంటికొస్తుంది. పైగా గుంటలో సారం నేరుగా కణం మీద పడుతుంది. మింగితే పొట్ట, కాలేయం దాటుకుని వెళ్లాలి. పసుపులోని కర్క్యుమిన్‌నే తీసుకోండి, గ్రాముల కొద్దీ మింగినా రక్తంలోకి చేరేది నామమాత్రం.

మొక్కల్లో మందు లేదని నేననను. రొమ్ము క్యాన్సర్‌కు ఆసుపత్రిలో ఎక్కించే పాక్లిటాక్సెల్ పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిందే. 1962లో బెరడు సేకరిస్తే, మందుగా అనుమతి వచ్చింది 1992లో, అదీ అండాశయ క్యాన్సర్‌కు. రొమ్ము క్యాన్సర్‌కు 1994లో. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీశారు. మా కొండల్లోనూ అలాంటిది ఉండొచ్చని నాకు గట్టి నమ్మకం. అందుకే ఊరికే ఒక్క ప్లేటుతో సరిపెడితే ఒళ్లు మండుతుంది. పాతకాలపు వైద్యులు కూడా నల్లజీడిని పచ్చిగా ముట్టుకునేవారు కాదు, ఇటుక పొడితో రుద్ది శుద్ధి చేసేవాళ్లు. ఆ జాగ్రత్త కూడా ఇవాళ పొట్లాలమ్మేవాళ్లలో కనిపించదు. శుద్ధి చేసినంత మాత్రాన అది క్యాన్సర్ మందైపోదు కూడా.

మా వీధిలో ఒకావిడ గడ్డ నొప్పి పెట్టడం లేదు కదా అని నెలల తరబడి ఆకు పసరు కట్టించుకుంది. నొప్పి లేని గడ్డే ఎక్కువ భయపడాల్సిందని చెప్పేవాళ్లు లేకపోయారు. పుండయ్యాక విశాఖ తీసుకెళ్లారు.

మీ అత్తయ్యకు బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే ఈ వారంలోనే చేయించండి. ఇప్పటికే నల్లజీడి లేహ్యం ఏదైనా ఇచ్చి ఉంటే ఆపేసి, మిగిలిన పొట్లాన్ని కీమో మొదలయ్యేలోపే డాక్టర్‌కు చూపించండి. తిడతారేమోనని దాచకండి, కాలేయం పరీక్షలు చూసేటప్పుడు ఆయనకు ఆ సంగతి తెలిసుండాలి.