నాలుగు వారాల అక్క

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీతో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఈ సెలవుల్లో నేపాల్‌లోనో కంబోడియాలోనో ఒక అనాథ పిల్లల ఆశ్రమంలో నాలుగు వారాలు వాలంటీర్‌గా పనిచేస్తానంటోంది. ఆన్‌లైన్‌లో ఒక ఏజెన్సీని చూసింది. ఫీజు కడితే బస, భోజనం వాళ్లే చూసుకుంటారట, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారట. రేపు విదేశాల్లో మాస్టర్స్‌కి అప్లై చేసినప్పుడు ఇది బాగా పనికొస్తుందని తన నమ్మకం. నాకేమో టెన్షన్‌గా ఉంది. పంపమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఈ ప్రోగ్రామ్‌కి మాత్రం వద్దండీ. అలాగని అమ్మాయి ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి. సేవ చెయ్యాలన్న కోరిక మంచిదే, తను ఎంచుకున్న దారితోనే నాకు పేచీ.

మీ టెన్షన్ అమ్మాయి క్షేమం గురించి అనుకుంటాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. నా బెంగ ముందు ఆ ఆశ్రమంలో ఉండే పిల్లల గురించి.

ఇలాంటి చోటికే వెళ్లొచ్చిన ఒక స్టూడెంట్ ఒకసారి నా దగ్గరికి వచ్చింది. ఫోన్ తీసి ఫోటో చూపించింది. నాలుగేళ్ల బాబు ఆమె మెడ చుట్టూ రెండు చేతులూ వేసి వేలాడుతున్నాడు. "మొదటి రోజు గేటు దాటానో లేదో పరుగెత్తుకొచ్చి పట్టేసుకున్నాడు మేడం, నేనంటే అంత ఇష్టం" అంది. నీతో పాటు వచ్చిన మిగతా వాలంటీర్ల దగ్గర ఎలా ఉండేవాడు అని అడిగాను. కాసేపు ఆలోచించి, "వాళ్లనీ అలాగే పట్టుకునేవాడు" అంది, కొంచెం మెల్లగా.

ఇంట్లో పెరిగే నాలుగేళ్ల పిల్లాడు కొత్త మనిషి కనిపిస్తే అమ్మ వెనకాల దాక్కుంటాడు. కాసేపు తొంగి చూసి, బెరుకు తీరాక అప్పుడు దగ్గరికి వస్తాడు. ముక్కూ మొహం తెలియని ప్రతి ఒక్కరి ఒళ్లోకీ ఎక్కేస్తున్నాడంటే దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోవడానికి లేదు. తనది అనుకునే మనిషి ఒక్కరూ నిలబడనప్పుడు పిల్లలు అలా తయారవుతారు. నాలుగు వారాలు అక్కా అక్కా అని పిలిపించుకుని ఐదో వారం విమానం ఎక్కితే, వాడి లెక్కలో ఇంకో మనిషి మాయమైనట్టే. వాలంటీర్లు ఒకరి వెనక ఒకరు నాలుగేసి వారాల చొప్పున వస్తూ ఉంటే ఏడాదికి 13 మంది.

అమ్మాయిది సైకాలజీ కాబట్టి ఇది ఆమెకి పాఠంలోనే వచ్చి ఉంటుంది. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రాసిన నివేదిక సారాంశం ఇదే: పసివాళ్లకి తమదైన ఒక మనిషి నిలకడగా ఉండాలి. తర్వాత 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాల్లోకి పంపి, మిగతా సగం ఎలా పెరుగుతున్నారో పక్కపక్కన పెట్టి చూశారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటల స్కోర్లు మెరుగయ్యాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లకి ఇంకా ఎక్కువ మేలు జరిగింది. టికెట్ బుక్ చేసే ముందు ఈ పరిశోధన గురించి చదవమని చెప్పండి.

అసలు "అనాథ" అన్న మాట దగ్గరే ఇంకో చిక్కు ఉంది. నేపాల్‌లో ఇలాంటి ఆశ్రమాలు పేదరికం ఎక్కువగా ఉన్న కొండ జిల్లాల్లో ఉండాలి కదా? చాలావరకు ఖాట్మండు లోయలో, పోఖరా ఉన్న కాస్కీ జిల్లాలో, చిత్వన్‌లో ఉన్నాయి. అంటే టూరిస్టులు తిరిగే చోట్లన్నమాట. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధ కాలంలో హుమ్లా లాంటి మారుమూల జిల్లాల నుంచి దళారులు పిల్లల్ని తీసుకొచ్చారు. నగరంలో మంచి చదువు చెప్పిస్తామని తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని, నగరానికి తెచ్చాక ఆ పిల్లలకి అనాథలని కాగితాలు పుట్టించారు. కంబోడియాలో 2015లో లెక్క తీస్తే 406 ఆశ్రమాలు తేలాయి. వాటిలో ఉన్న 16,579 మంది పిల్లల్లో ఎక్కువ మందికి అమ్మో నాన్నో ఎవరో ఒకరు బతికే ఉన్నారు. విదేశీ వాలంటీరు కట్టే ఫీజు, వెళ్లాక పంపే విరాళం ఉన్నంతకాలం ఆశ్రమాలకి పిల్లలు కావాలి మరి. ఆశ్రమాలన్నీ ఇలాంటివే అనడం లేదు. కానీ ఏది ఎలాంటిదో వెబ్‌సైట్‌లో ఫోటోలు చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు, ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా అందులో లెక్కలోకి తీసుకుంది. అనాథాశ్రమాల్లో వాలంటీరు టూరిజం పిల్లలకి హాని చేస్తుందని 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా ఒక తీర్మానంలో చెప్పింది.

ఇక మాస్టర్స్ సంగతి. అడ్మిషన్ కోసం స్టూడెంట్లు తమ గురించి, తమ లక్ష్యం గురించి రాసే వ్యాసాన్ని ఎస్ఓపీ అంటారు. నేను చూసే ఎస్ఓపీల్లో "ఆ పిల్లల నవ్వులు నా జీవితాన్నే మార్చేశాయి" అన్న వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క మర్చిపోయాను. రాసినవాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు. ఆ వాక్యంలో వాళ్లే ఉన్నారు, పిల్లలు లేరు. మాక్ ఇంటర్వ్యూలో ఇలాంటి ఎస్ఓపీ వస్తే నేను ఒక్కటే అడుగుతాను: "మీరు వచ్చేశాక ఆ పిల్లల సంగతి ఏమైంది?" ఇప్పటిదాకా జవాబు చెప్పినవాళ్లు తక్కువ. సోషల్ వర్క్‌లోనో చైల్డ్ సైకాలజీలోనో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు నేను పైన చెప్పిందంతా చదివినవాళ్లే. వాళ్ల ముందు ఈ సర్టిఫికెట్ పెడితే ప్లస్ అవ్వాల్సింది మైనస్ కావచ్చు.

మీ టెన్షన్ దగ్గరికి వద్దాం. జీతం లేదు కదా, అది ఉద్యోగం ఎలా అవుతుంది అనుకుంటారు చాలామంది. ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఈ వాదన పనిచెయ్యదు. నేపాల్ వెళ్లడానికి మన భారతీయులకి వీసా అక్కర్లేదు కానీ, టూరిస్ట్ వీసా మీద వెళ్లే ఇతర దేశాలవాళ్లు అక్కడ అనుమతి లేకుండా ఉచితంగా పనిచేసినా తప్పే. బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్లినవాళ్లు వాలంటీరు పని చెయ్యొచ్చు కానీ, అదీ రిజిస్టరైన చారిటీలోనే, మొత్తం 30 రోజులు మించకుండా. ఏజెన్సీ వాళ్లు "టూరిస్ట్ అని చెప్పండి చాలు" అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. వీసా నిబంధన తప్పినట్టు ఒకసారి రికార్డయితే, రేపు స్టూడెంట్ వీసా ఫారం నింపేటప్పుడు ఆ సంగతి రాయాల్సి రావచ్చు.

మరి ఏం చెయ్యాలి? విదేశానికే వెళ్లాలి, పిల్లల మధ్యే పనిచెయ్యాలి అని పట్టుదలగా ఉంటే నేను మొదట చెప్పేది జర్మనీ. అక్కడ యువత కోసం స్వచ్ఛంద సేవా సంవత్సరం అని ఒక పద్ధతి ఉంది, వాళ్ల భాషలో ఎఫ్ఎస్‌జే అంటారు. 27 ఏళ్లు నిండనివాళ్లకి. ఫెడరల్ వాలంటీర్ సర్వీస్ అని 2011లో ఇంకొకటి మొదలైంది, దానికి పై వయోపరిమితి లేదు. రెండిట్లోనూ విదేశీయులకి అవకాశం ఉంది. మామూలుగా ఏడాది పాటు సాగుతుంది. పిల్లల సంరక్షణ కేంద్రాలు, వికలాంగుల సంస్థలు, కిండర్‌గార్టెన్‌లు, ఇలా ఎక్కడైనా వెయ్యొచ్చు. ముఖ్యమైన తేడా ఏంటంటే అక్కడ పిల్లల బాధ్యత శిక్షణ పొందిన ఉద్యోగులది. వాలంటీర్ వాళ్లకి సాయం మాత్రమే. పైగా పాకెట్ మనీ ఇస్తారు, ఇన్సూరెన్స్ ఉంటుంది, మధ్యలో సెమినార్లు పెట్టి నేర్పిస్తారు. పని నడిచేంత జర్మన్ రావాలి కాబట్టి ఈ సెలవుల్లో వెళ్లడం కుదరదు. డిగ్రీ అయ్యాక ఏడాది గ్యాప్‌గా పెట్టుకోవచ్చు. భాష నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది.

ఈ సెలవులకైతే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ ఆన్‌లైన్ పనులు చూడమనండి. 18 నిండితే చాలు. అనువాదం, డిజైన్, సమాచారం సేకరించడం, ఇలాంటివి ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు. పిల్లల మధ్య పని కావాలంటే, మీరున్న ఊళ్లోనే ఒకే పిల్లకి వారానికి రెండు సాయంత్రాలు చదువు చెప్పి, ఏడాది పాటు ఒక్క వారం కూడా మానకుండా ఉండగలదేమో చూడండి. వినడానికి చప్పగా ఉంటుంది, తెలుసు. కానీ మూడో నెలలో ఆ పిల్ల అలిగి పుస్తకం మూసేసిన రోజు మీ అమ్మాయి ఏం చేసిందో, అది ఎస్ఓపీలో రాస్తే చదివేవాళ్లు ఆగి చదువుతారు.

ఇంతా విని కూడా అక్కడికే వెళ్తానంటే, ఏజెన్సీకి ఒక మెయిల్ పెట్టించండి. ఈ పిల్లల్లో ఎంతమందికి అమ్మానాన్నలు ఉన్నారు, వాళ్లని తిరిగి ఇంటికి చేర్చడానికి ఏం చేస్తున్నారు అని అడగాలి. నన్ను పిల్లల దగ్గరికి పంపేముందు నా పోలీస్ క్లియరెన్స్ ఎందుకు అడగలేదు అని కూడా అడగాలి. నాకు తెలిసి అందరూ దాటవేసే ప్రశ్న అదే. ఎవరైనా డబ్బు కట్టి, ఏ విచారణా లేకుండా పిల్లల గదుల్లోకి వెళ్లిపోగలిగితే, మీ అమ్మాయి ఎంత మంచిదైనా ఆ తలుపు అందరికీ తెరిచి ఉన్నట్టే కదా.

ఒక్క చిన్న విషయం. ఈ జవాబుని మీరు చదివి వినిపించకండి, నాన్న చెప్పినట్టు ఉంటుంది. పేజీ తన చేతికే ఇచ్చెయ్యండి, ఆ మెయిల్ కూడా తనే రాయాలి. వాళ్ల దగ్గర్నుంచి ఏం జవాబు వచ్చిందో నాకు పంపమనండి, కలిసి చూద్దాం.